జైలుకు వెళ్లబోతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ బృందంతో కలిసి రాజమహేంద్రవరం మహిళా జైలుకు వెళ్లి ఖైదీలను పలకరించి రావాలని అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఏళ్ల తరబడి ఆ పని చేసినదాన్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, వస్తానన్న రోజున వెళ్లు. వాన పడినా, ఇంటికి చుట్టాలు వచ్చినా వెళ్లు. మగవాళ్ల జైలు ముందు ములాఖత్ కోసం తల్లులు, భార్యలు సంచులు పట్టుకుని ఎండలో నిలబడతారు. ఆడవాళ్ల జైలు దగ్గర ఆ రద్దీ కనిపించదు. ఆడది జైలుకు వెళ్లిందంటే పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కూడా తరచుగా ముఖం చాటేస్తారు. ఆమెకు మాట ఇచ్చి తప్పితే, వదిలేసి పోయినవాళ్లలో మనమూ ఒకరమవుతాం. నెలకు రెండుసార్లు కుదరదనిపిస్తే ఒక్కసారే వస్తానని చెప్పు.

ఏ కేసులో వచ్చావని అడగకు. పోలీసులు, లాయర్లు, పక్కన పడుకునే మనిషి, అందరూ ఆ ప్రశ్న అడిగేశారు. నువ్వు ఊరి గురించి అడుగు, పిల్లల గురించి అడుగు, గోంగూర ఎలా వండుతారో అడుగు. తనంతట తాను చెప్పుకుంటే విను. "నేను ఆ పని చేయలేదమ్మా" అంటే నమ్ముతున్నాననీ అనకు, నమ్మననీ అనకు. తీర్పు చెప్పడం మన పని కాదు.

వాయిదా ఎప్పుడో మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకో. వాయిదా రోజున ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని కూర్చుంటుంది. ఎస్కార్టు పోలీసులు దొరకలేదనో, ఈసారి వీడియోలోనే అనో కబురు వస్తుంది. రెండు నిమిషాల్లో మరో తేదీ పడుతుంది. తరువాత నువ్వు కలిసినప్పుడు "వాయిదా ఏమయింది అక్కా?" అని అడిగితే ఆ ఒక్క మాటకే ఆమె కళ్లు తడుస్తాయి. ఎంత ప్రవచనం చెప్పినా అంత దగ్గరితనం రాదు.

ఇక దేవుడి సంగతి. ఒకే బ్యారక్‌లో ఒకామె లలితా సహస్రనామం చదువుకుంటుంది, ఒకామె మోకరిస్తుంది, ఇంకొకామె నమాజు చేస్తుంది. ఎవరినీ మన దారికి లాగకూడదు. ఈ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. దిక్కులేని మనిషి మనల్ని నొప్పించలేక దేనికైనా తల ఊపుతుంది, దాన్ని భక్తి అనుకోవడం అన్యాయం. "దేవుడు నన్ను క్షమిస్తాడా?" అని అడిగితే వెంటనే అవుననకు. ఆ ప్రశ్న వెనక ఒక చావో, ఒక బిడ్డో ఉంటుంది. చెప్పుకోనివ్వు. ఆ తరువాత కావాలంటే ఆమె దేవుణ్ణే ఇద్దరూ కలిసి తలుచుకోండి. 1994లో కిరణ్ బేడీ తిహార్ జైలు అధికారిగా ఉన్నప్పుడు ధ్యాన గురువు గోయెంకా గారు దాదాపు వెయ్యి మంది ఖైదీలతో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం నడిపారు. తరువాత అక్కడే శాశ్వత కేంద్రం వెలిసింది. ఒక పూట ప్రసంగించి పోయి ఉంటే అది జరిగేది కాదు.

లోపల చిన్నపిల్లలు కూడా ఉంటారు. ఆరేళ్లు నిండేవరకు బిడ్డను తల్లి దగ్గర ఉండనివ్వవచ్చని 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నిండాక బిడ్డ బయటికి పోవాలి. బిడ్డ ఆరో పుట్టినరోజు దగ్గరపడుతున్న కొద్దీ ఆ తల్లి అన్నం సరిగ్గా తినదు, బిడ్డను ఒళ్లోంచి దించదు. ఆ నెలలో ఆమెను ఎక్కువసార్లు కలువు. బిడ్డ ఎవరింటికి వెళుతుంది, బడి ఎక్కడ, మళ్లీ ఎప్పుడు తీసుకొస్తారు, ఇవన్నీ సూపరింటెండెంట్ గారిని, సంక్షేమ అధికారిని అడిగి తెలుసుకుని ఆమెకు వివరంగా చెప్పు.

న్యాయం సంగతులు కొన్ని తెలిసి ఉండాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఉచితంగా లాయరు సాయం పొందే హక్కు ఉంది. సహాయ నంబరు 15100. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని రిమాండు ఖైదీ, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే బాండు మీద విడుదలకు అర్హురాలు. మరణశిక్ష, యావజ్జీవం పడగల కేసులకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్‌లో ఉంది. కోర్టుకు దరఖాస్తు పెట్టవలసింది జైలు సూపరింటెండెంటే. నువ్వు లాయరు అవతారం ఎత్తకు, కానీ ఆమె రోజులు లెక్కపెట్టుకుంటుంటే ఈ సంగతి చెప్పు.

చీటీలు, ఫోను నంబర్లు, డబ్బు చేతులు మార్చకు. జాలిపడి ఒక్క చీటీ బయటికి తెచ్చినా మొత్తం బృందానికి గేటు మూసేస్తారు. కూడదని మెత్తగా చెబితే వాళ్లు అర్థం చేసుకుంటారు. వార్డర్లను కూడా పేరు పెట్టి పలకరించు, వాళ్లూ రోజంతా ఆ గోడల మధ్యే ఉంటారు.

విడుదల తేదీ తెలిస్తే ఆ రాత్రి ఆమె ఎక్కడ తల దాచుకుంటుందో ముందే కనుక్కో. బెయిలు కాగితాలు చాలాసార్లు సాయంత్రానికి గానీ అందవు. చీకటిపడ్డాక చేతిలో సంచితో ఒంటరి ఆడమనిషి బస్టాండులో నిలబడకూడదు. బృందంలో ఎవరో ఒకరు వెళ్లి బస్సు ఎక్కించి రండి.

మొదటిరోజు ఆధార్ కార్డు మరిచిపోకు. నగలు వద్దు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. తిరిగి చేతికి రాగానే నాకు ఒకసారి చెయ్యి.

నీ పెద్దమ్మ