గొంతుకేం లోటు లేదు, చిక్కంతా పుస్తకాల లోపలే ఉంది

"ఈ-బుక్ రీడర్లలో పుస్తకాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం ఉంటుంది కదా, తెలుగు పుస్తకాలకు దాన్ని ఎవరైనా నిజంగా వాడుతున్నారా? మర గొంతు విసుగు పుట్టించదా?" అని అడిగారు.

నేను వాడుతున్నాను, రోజూ. భీమవరం అవతల కాళ్ళ మండలంలో మాకు రొయ్యల చెరువులున్నాయి. పంట ఉన్నన్నాళ్ళూ రాత్రి మకాం గట్టు మీదే. లైటు వేసుకుని పుస్తకం తెరిస్తే పురుగులు ముసిరేస్తాయి, చేతులకి ఎప్పుడూ మేత పొడో బురదో అంటుకుని ఉంటుంది. అక్కడ చదువంటే చెవితోనే. గొంతు విసుగు పుట్టించదండి. ఓ పది పేజీలు ఓపిక పడితే గొంతు సంగతి మరిచిపోతాం, కథ ఒక్కటే మిగులుతుంది.

ముందు పరికరం సంగతి. ఇప్పుడు దొరికే కిండిల్ రీడర్లకి స్పీకరు ఉండదు. బ్లూటూత్ తగిలించి వినొచ్చు గానీ ఆ గొంతుకి తెలుగు రాదు. అసలు అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. అందుకని తెలుగు వినాలంటే ఆండ్రాయిడ్ ఫోను, లేదా ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర) రీడరు కొనుక్కోండి. సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్ అని ఉంటుంది, అందులో తెలుగు గొంతును ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ లేకపోయినా చదువుతుంది. మా గట్టు మీద సిగ్నల్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను ఈపబ్ అనే రకం ఈ-బుక్ ఫైళ్ళను మూన్ ప్లస్ రీడర్ అనే యాప్‌లో పెట్టి వింటాను. వేగం మామూలు కంటే కొంచెం తగ్గించుకోండి. మన మాటలు సంధులతో పొడుగ్గా ఉంటాయి, వేగం పెంచితే ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. పద్యాలు మాత్రం వినకండి. ఎక్కడ విరవాలో దానికి తెలియదు, ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. పగలంతా మబ్బు. మబ్బు రోజున నీళ్ళలో ఆక్సిజన్ సరిగా తయారవదు, తెల్లారుగట్ల డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అందుకని నేనూ, మా చెరువు కాపలా బాబాయ్ ఇద్దరం మేలుకునే ఉన్నాం. బాబాయ్‌కి అక్షరాలు రావు. నేను ఉచితంగా పుస్తకాలు దొరికే తెలుగు వికీసోర్స్ సైటు నుంచి దించుకున్న ఒక పాత నవల పెట్టాను. కోడలు అలిగి పుట్టింటికి పోతానని రేవుకొచ్చిన ఘట్టం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా వృత్తిలో ఆ నిశ్శబ్దం కంటే భయపెట్టేది ఇంకోటి లేదు. ఇద్దరం జనరేటరు దగ్గరికి పరిగెత్తాం. అది వెంటనే అందుకోలేదు, డీజిల్ పైపులో గాలి పట్టింది. గాలి తీసి స్టార్టు చేసి, ఒక్కో ఏరియేటరూ తిరుగుతోందో లేదో చూసుకుని, రొయ్య పైకి తేలిందేమోనని టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరిగి, షెడ్డులోకొచ్చేసరికి ఒళ్ళంతా చెమట. నవారు మంచం మీద ఫోను తన మానాన తను చదువుకుంటూనే ఉంది.

బాబాయ్ మంచినీళ్ళయినా తాగకుండా, "అబ్బాయిగారూ, మనం లేనప్పుడు చదివేసిందండి ఆవిడ. వెనక్కి తిప్పండి. ఆ పిల్ల పడవెక్కిందో లేదో తెలియాలి కదండీ" అన్నాడు.

తిప్పాను. అత్తగారు రేవులో కోడల్ని నిలదీసే చోటుకొచ్చింది. గొంతు ఆ తిట్లను కూడా వాతావరణ వార్తల్లా చదివేసింది. బాబాయ్ ఒప్పుకోలేదు. "అత్తగారు అలాగ అనదండి, ఇలాగంటాది" అని అదే మాటని రాగం తీసి, చేతులు తిప్పి అని చూపించాడు. ఆ తర్వాత ప్రతి సంభాషణా రెండుసార్లు విన్నాను, ఒకసారి ఫోను గొంతులో, ఒకసారి బాబాయ్ గొంతులో. అంత బాగా నేను ఏ నవలా చదవలేదు.

చెవితో వింటే చదివినట్టు కాదనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళలో రామాలయం అరుగు మీద పురాణం చెప్పించుకుని భారతం, భాగవతం ఆసాంతం ఎరిగినవాళ్ళు తరాలుగా ఉన్నారు. వాళ్ళకి భారతం రాదని ఎవరైనా అనగలరా?

ఇక అసలు కోపం. ఆ నవల అయిపోయాక బాబాయ్ ఇంకోటి పెట్టమన్నాడు. ఈసారి డబ్బు పెట్టి ఒక ప్రచురణ సంస్థ అమ్ముతున్న ఈ-బుక్ కొన్నాను, పీడీఎఫ్. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు. చదవమంటే ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా వాగింది. ఫోను పాడైందనుకున్నాడు బాబాయ్. పాడైంది ఫోను కాదు. మన డీటీపీలో చాలా పుస్తకాలు ఇప్పటికీ యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని యంత్రాల్లో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కాని పాత ఫాంట్లలోనే కూరుస్తున్నారు. కంటికి "అమ్మ" అని కనిపించినా లోపల దాచింది ఏవో ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. యంత్రం చదివేది లోపలున్నదాన్ని. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ పని జరగలేదంటే అది బద్ధకం తప్ప ఇంకోటి కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లైతే మరీను, అవి వట్టి బొమ్మలు. బొమ్మలోని రాతను గుర్తుపట్టే ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చుకోవచ్చు గానీ ఒత్తులు జారిపోతాయి, ప్రతి పేజీ తలమీదుండే పుస్తకం పేరు కథ మధ్యలో దూరుతుంది, వరుస చివర విరిగిన మాట రెండు ముక్కలుగా వినిపిస్తుంది.

ఇలా వినిపిస్తే ఆడియో పుస్తకాల అమ్మకం పోతుందని భయపడేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో 2009లో రెండో తరం కిండిల్‌కి ఈ సదుపాయం పెట్టినప్పుడు అక్కడి రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ ఇదే వాదన చేసింది. కొద్ది రోజుల్లోనే అమెజాన్ తగ్గి, ఏ పుస్తకానికి ఉంచాలో ప్రచురణకర్తలకే వదిలేసింది. నా మట్టుకు అది తప్పుడు వాదన. మంచి గొంతున్న మనిషి భావంతో చదివిన పుస్తకాన్ని ఈ మర గొంతు ఎన్నటికీ దెబ్బతీయలేదు, బాబాయ్‌ని అడగండి. పైగా చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాన్ని వినడానికి వీలుగా మార్చుకోవచ్చని మన కాపీరైటు చట్టానికి 2012లో సవరణ వచ్చింది. ఆ హక్కు కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం అంత ముందుంటే పుస్తకం లోపలి అక్షరం ఇంకా అక్కడే ఉంది.

కాబట్టి తెలుగు ఈ-బుక్ కొనేముందు నమూనా పేజీలు తెరిచి, ఒక వాక్యాన్ని నొక్కిపట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగులో వస్తే కొనండి, హాయిగా వింటారు. చెత్త అక్షరాలొస్తే కొనకండి. కొనకపోవడమే కాదు, ఎందుకు కొనలేదో ఆ ప్రచురణకర్తకి ఒక ముక్క రాయండి. నేను రాస్తూనే ఉన్నాను.