బండి బాగోగులు: చక్రం వెనక నల్ల గ్రీజు

ప్రశ్న: మాది 2009 మోడల్ ఆల్టో. లక్ష కిలోమీటర్లకు దగ్గర పడుతోంది. మొన్న పంక్చర్ వేయిస్తుంటే, ఎడమ ముందు చక్రం రిమ్ము లోపలి వైపంతా నల్ల గ్రీజు చిమ్మి ఉందని షాపతను చూపించాడు. యాక్సిల్ బూటు చిరిగిందట. నడిపితే తేడా తెలియట్లేదు, చప్పుడూ లేదు. ఒక మెకానిక్ షాఫ్టు మొత్తం మార్చాలంటున్నాడు. ఇంకొకతను అతికించే బూటు వేస్తే గంటలో పనైపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు మీరే చూడండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బండి ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రం వెనక టార్చి కొట్టండి. మడతలు మడతలుగా కనిపించే రబ్బరు తొడుగే బూటు. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తి తెచ్చే షాఫ్టు చివర ఉండే జాయింటునూ, అందులోని గ్రీజునూ అదే కాపాడుతుంది. చిరుగు దగ్గర గ్రీజు కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. వెన్నలా జారితే జాయింటు బతికినట్టే. ఇసుకలా గరగరమంటే దుమ్ము లోపలికి వెళ్లింది. పాలు కలిసిన కాఫీ రంగుకు తిరిగితే నీళ్లు చేరాయి. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ లాక్ దాకా తిప్పి, నెమ్మదిగా ముందుకు కదుపుతూ కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. రెండు వైపులా చేయండి. టక్ టక్ టక్ మని వినిపిస్తే జాయింటు లోపల గుండ్లు తిరిగే గాళ్లు అరిగిపోయినట్టు. అప్పుడు కొత్త గ్రీజు ఎంత నింపినా నాలుగు రోజులే.

మీ బండికి చప్పుడు లేదు కాబట్టి గ్రీజు కూడా శుభ్రంగా ఉంటే బూటు, గ్రీజు మారిస్తే చాలు. కానీ ఆలస్యం చేయొద్దు. జోరువాన పడితే చక్రం సగం మునిగే రోడ్లు మనవి. ఒక్కసారి ఆ నీళ్లలో దిగితే లెక్క మారిపోతుంది. చిరిగిన బూటుతో వాటర్ సర్వీసింగ్‌కు అసలే ఇవ్వకండి, జెట్ నీళ్లు నేరుగా జాయింటులోకి పోతాయి.

అతికించే బూటు గురించి: నిలువునా చీలి ఉన్నదాన్ని షాఫ్టు చుట్టూ తొడిగి జిగురుతో మూస్తారు. ఆ అతుకు ప్రతి మలుపులోనూ మడతపడుతుంది. పైగా గ్రీజు అంటిన చోట జిగురు పట్టదు. దారి మధ్యలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు.

అసలు పని ఇలా జరగాలి. పాత మారుతీ చిన్న కార్లలో చాలావాటికి చక్రం వైపు జాయింటు షాఫ్టు నుంచి ఊడదు, విప్పకూడదు కూడా. అందుకే బయటి బూటును గేర్‌బాక్స్ వైపు నుంచే ఎక్కించాలి. అంటే గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింటు, దాని బూటు ఎలాగూ విప్పాల్సిందే. ఆ కూలీ ఎలాగూ ఇస్తున్నారు కనుక, రెండు బూట్లూ కొత్తవి వేయించుకోండి. పుత్లీబౌలి, జాంబాగ్ లేదా రాణీగంజ్‌లో బూటు కిట్ అడగండి. అందులో బూటు, రెండు క్లిప్పులు, గ్రీజు పొట్లం ఉండాలి. మోడల్, సంవత్సరం చెప్పి, పాతదాని పక్కన పెట్టి కొలత సరిపోల్చాకే డబ్బులివ్వండి.

విప్పేటప్పుడు బండి నేల మీద ఉండగానే చక్రం మధ్య నట్టు వదులు చేయాలి. గేర్ ఆయిల్ దించాలి, లేదా శుభ్రమైన గిన్నె పెట్టాలి. చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కింది బాల్ జాయింట్ విడదీశాక, షాఫ్టును చక్రం వైపు పట్టుకుని లాగకూడదు, లాగితే లోపలి జాయింటు బూటు లోపలే విడిపోతుంది. గేర్‌బాక్స్ దగ్గర రాడ్డుతో ఎత్తి తీయాలి. తీసేముందు జాయింటు గిన్నెకూ షాఫ్టుకూ ఎదురెదురుగా పెయింట్ గీత పెట్టాలి, సుత్తి గుర్తు కాదు. లోపలి జాయింటులో మూడు రోలర్లున్న భాగాన్ని, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు రింగు (సర్‌క్లిప్) తీసి దించాక, షాఫ్టు పళ్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి కొత్త బూట్లు జరపండి. లేదంటే పళ్లు కొత్త రబ్బరును కోసేస్తాయి.

పాత గ్రీజు గుడ్డతో పూర్తిగా తుడవాలి. చక్రం వైపు జాయింటుకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్ల గ్రీజే వాడాలి, చాసిస్ గ్రీజు పనికిరాదు. చిన్న కార్ల జాయింటుకు దాదాపు 80 నుంచి 100 గ్రాములు పడుతుంది. పొట్లంలో ఇచ్చిందంతా వాడండి, అంతకు మించొద్దు. సగం గుండ్లలోకి, సగం బూటులోకి. ఎక్కువైతే వేడికి ఉబ్బి క్లిప్పు దగ్గర కారుతుంది. చిన్న క్లిప్పు బిగించేముందు సన్నని స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలి వదలాలి. లేదంటే బూటు ఒక పక్కకు పీక్కుపోయి ఆ మడతే మళ్లీ చిరుగుతుంది. బైండింగ్ వైరు, ప్లాస్టిక్ ట్యాగులు వద్దు.

షాఫ్టు గేర్‌బాక్స్‌లోకి నేరుగా వెళ్లాలి. వంకరగా తోస్తే ఆయిల్ సీల్ పెదవి కోసుకుని కొత్త కారుడు మొదలవుతుంది. షాఫ్టు చివరి లాక్ క్లిప్పు గేర్‌బాక్స్‌లో పట్టిందో లేదో లోపలి జాయింటు గిన్నెను పట్టి లాగి చూడండి. మధ్య నట్టు కొత్తది వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించమనండి. ఆ నట్టు సరిగా బిగించకుండా బండిని నాలుగడుగులు కదిపినా హబ్ బేరింగ్ దెబ్బతింటుంది.

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగం పెంచుతుంటే బండి వణుకుతోంది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు. ఇదీ బూటేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అదే వేగంలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చూడండి. వణుకు వెంటనే తగ్గితే లోపలి జాయింటును అనుమానించాలి. రోలర్లు నడిచే గాళ్లు అరిగితే బరువు పడ్డప్పుడే ఊగుతుంది. కాలు తీసినా అలాగే ఉంటే టైరు, రిమ్ము వైపు చూడండి. అలైన్‌మెంట్‌తో ఈ వణుకు పోదు.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్‌కు యాక్సిల్ బూట్లు ఎప్పుడు మార్చాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఆ బండి వెనక చక్రాల మీద నడుస్తుంది కనుక ముందు యాక్సిల్ బూట్ల బెడద లేదు. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (దాని కీళ్లు) ఊగుతున్నాయేమో చేత్తో పట్టి చూడండి, స్టీరింగ్ ర్యాక్ మీది రబ్బరు తొడుగులు పగిలాయేమో చూడండి.