ప్రశ్న–జవాబు: ప్రవేశ పరీక్ష పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండు చెవులకూ మిషన్లున్నాయి. ‘అందరి బడి’ అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు స్కూలువాళ్లు ముందు పరీక్ష రాయించాలంటున్నారు. ఏం చేయాలి?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: రాయించక్కర్లేదమ్మా. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోయకూడదు. మొదటిసారి తప్పుకు రూ.25 వేల వరకు, ఆపైన ప్రతిసారీ రూ.50 వేల వరకు జరిమానా. వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టమూ చెబుతోంది. కాబట్టి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. కాదంటే కారణం కాగితం మీద అడగండి. చాలాచోట్ల మాట అక్కడే మారుతుంది. మారకపోతే ఆ కాగితాలతో మండల విద్యాశాఖాధికారిని కలవండి.

సీటు దొరికాక అసలు పని మొదలవుతుంది. బోర్డు చూసి మురిసిపోకుండా తరగతి గదిలోకి వెళ్లి చూడండి. మిషన్ బాగా పనిచేసేది మీటరు, రెండు మీటర్ల దూరంలోనే. బాబును ముందు వరసలో, టీచరు మొహం కనిపించేలా, రోడ్డువైపు కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. బోర్డువైపు తిరిగి రాస్తూ చెప్పే పాఠం సగం పోతుంది, ఫ్యాను మోత మిగతాది మింగేస్తుంది. ఇక మన ఎండల్లో చెమట తడికి మిషన్ మొరాయిస్తుంది. రాత్రి తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి, అదనపు బ్యాటరీలు టీచరు దగ్గర ఉంచండి. ‘సహాయక టీచరు’ పేరుతో విడిగా ఫీజు అడిగితే, ఆమె రోజుకు ఎన్ని గంటలు, ఎంతమంది పిల్లల్ని చూస్తారో ముందే తేల్చుకోండి.