ఈగల వయసా, అమ్మాయి వయసా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాది. పండ్ల ఈగల్లో ముసలితనం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అదయ్యేసరికి తనకు 29 వస్తాయి. మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు బిల్లుల కోసం కోడ్‌లు వేసే పని) నేర్చుకుని ఉద్యోగంలో చేరమని మేం అంటున్నాం. పెద్దబ్బాయి ఆరేళ్లుగా గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. రెంటిలో ఏది మేలు? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: అసలు టెన్షన్ ఆ 29 దగ్గరే ఉందని అర్థమైందండీ. పెళ్లి సంగతి అడగలేక ఈగల్ని ముందు పెట్టారు. ఆరేళ్లు గడిచినా అబ్బాయి వయసు మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కోపం తెచ్చుకోకండి, ఆ లెక్కా ఒకసారి వేసుకోండి.

మామిడికాయల్ని పాడుచేసే పండు ఈగలు కావివి. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్నవి, డ్రోసోఫిలా. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పది రోజుల్లో ఈగవుతుంది, ఆపైన రెండు మూడు నెలలు బతుకుతుంది. ఒక్క సెమిస్టర్‌లో పుట్టుక నుంచి చావు దాకా చూడొచ్చు. తిండి తగ్గించినా, ఇన్సులిన్ సంకేతాలు మందగించినా ఆయుష్షు పెరగడం వీటిలో చూశారు.

నాకు అనుమానం ఉన్నది ఈ మధ్య మొదలైన ‘లాంగెవిటీ’ మోజు, అంటే ఆయుష్షు పెంచుకోవాలనే మోజు మీద. 2000లో ‘ఇండీ’ అనే జన్యువు మారిన ఈగల సగటు ఆయుష్షు దాదాపు రెట్టింపైందని పెద్ద వార్త. 2007లో మరో బృందం, అది ఆ ఈగల వంశ నేపథ్యం వల్ల వచ్చిన తేడానే తప్ప ఆ జన్యువు గొప్ప కాదంది. వాదన ఆ తర్వాతా సాగింది. ఈగకే ఇంత పేచీ ఉంటే మనిషికి మందుబిళ్ల ఎప్పటికి? వయసు ఆపే కంపెనీలో ఉద్యోగం వస్తుందనుకుని చేరేటట్టయితే వద్దనే చెబుతాను.

పని ఎలా ఉంటుందో తనకు తెలుసా? ఈగల్ని పెంచే గాజు గొట్టాన్ని బల్ల మీద తట్టి, ఈగలు అడుక్కి జారగానే కొత్త మేత ఉన్న గొట్టంలోకి దులపాలి. పాతదాంట్లో మిగిలిన చచ్చినవాటిని లెక్క రాయాలి. రెండు మూడు రోజులకోసారి ఇదే పని, ఆదివారమైనా సంక్రాంతైనా. సగంలో మేతకు బూజు పడితే మళ్లీ మొదటికే. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఈగల ల్యాబ్‌లో చేయనివ్వండి. పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీలో, బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లో అలాంటివి ఉన్నాయి.

కోడింగ్ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాతైనా నేర్చుకోవచ్చు. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ప్రభుత్వ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. అంటే తన ఖర్చు మీ మీద పడదు. ఆ డబ్బు నెలల తరబడి ఆలస్యమైన పిల్లల్నీ చూశాను, కాబట్టి చేతిలో కాస్త ఉంచండి. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకున్నవాళ్లూ నాకు చాలామంది తెలుసు. సంబంధాలు చూడాలా వద్దా అన్నది మాత్రం నన్ను కాదు, అమ్మాయిని అడగండి.