1062 లోపాన్ని స్కిప్ చేయకండి, ఆ రికార్డు ఎవరు రాశారో పట్టుకోండి

మీ మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్ రెప్లికా (సోర్స్ అనే ప్రధాన సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) 1062 డూప్లికేట్ కీ లోపంతో ఆగిపోతోందని, స్కిప్ చేస్తే కొన్నాళ్లు నడిచి మళ్లీ అక్కడికే వస్తోందని రాశారు. దయచేసి ఇక స్కిప్ చేయకండి. సోర్స్ పంపిన రికార్డును చేర్చబోతే అదే కీతో (రికార్డును గుర్తించే విలువతో) మరొకటి ముందే ఉందని రెప్లికా మొరపెట్టుకుంటోంది. మీరు స్కిప్ చేసిన ప్రతిసారీ ఆ ట్రాన్సాక్షన్‌లోని, అంటే ఒకే కట్టగా అమలయ్యే మార్పుల్లోని, మిగతావీ గాలికి పోతాయి. తర్వాత ఎప్పుడో వాటిని అప్‌డేట్ చేయబోయినప్పుడు రికార్డు దొరకలేదంటూ 1032 వస్తుంది.

సోర్స్ నుంచి మార్పులు తెచ్చే ఐఓ థ్రెడ్ నడుస్తూ, వాటిని రెప్లికాలో అమలు చేసే ఎస్‌క్యూఎల్ థ్రెడ్ మాత్రమే ఆగి ఉంటే నెట్‌వర్క్, పాస్‌వర్డ్‌ల జోలికి వెళ్లనక్కర్లేదు.

నేను పనిచేసిన చోట అచ్చంగా ఇదే జరిగింది. అందరూ రెప్లికేషన్‌నే అనుమానించారు. ప్రతి ట్రాన్సాక్షన్‌కూ ప్రత్యేక గుర్తింపునిచ్చే జీటీఐడీ ఆన్‌లో ఉండడం మాకు కలిసొచ్చింది. ప్రతి జీటీఐడీలో మొదటి భాగం ఆ ట్రాన్సాక్షన్ పుట్టిన సర్వర్ యూయూఐడీ, అంటే ఆ సర్వర్ గుర్తింపు. రెప్లికాలోని జీటీఐడీ ఎగ్జిక్యూటెడ్ విలువలోంచి (అక్కడ అమలైన జీటీఐడీల జాబితా) సోర్స్‌లో ఉన్నవాటిని జీటీఐడీ సబ్‌ట్రాక్ట్ ఫంక్షన్‌తో తీసేశాం. మిగిలినవన్నీ రెప్లికా సొంత యూయూఐడీతోనే ఉన్నాయి. అంటే ఎవరో నేరుగా అక్కడే రాస్తున్నారన్నమాట! మార్పులు నమోదయ్యే రెప్లికా బైనరీ లాగ్‌ను మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ టూల్‌తో తెరిచి ఆ ట్రాన్సాక్షన్ల సమయాలు చూస్తే, అన్నీ అర్ధరాత్రి దాటాక ఒకే వేళకు పడ్డాయి. ఆ వేళకు నడిచేది ఒకే ఒక్క క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే ప్రోగ్రామ్). రిపోర్టుల కోసం రెప్లికాకు కనెక్ట్ అయి, పనిలో పనిగా ఒక టేబుల్‌లో రికార్డులు చేర్చేది. అదే టేబుల్‌లోకి సోర్స్ నుంచీ రికార్డులు వస్తుండటంతో డేటాబేస్ వరుసగా తానే ఇచ్చే ఆటో ఇంక్రిమెంట్ సంఖ్యలు ఢీకొనేవి.

రెప్లికాలో నేరుగా రాయకుండా ఆపే రీడ్ ఓన్లీ సెట్టింగ్ పెట్టే ఉంది. కానీ ఆ జాబ్ వాడే ఖాతాకు సూపర్ అధికారం ఉంది, అలాంటి ఖాతాలను రీడ్ ఓన్లీ ఆపదు. వాటినీ ఆపేది సూపర్ రీడ్ ఓన్లీ. అది 5.7.8 నుంచే ఉన్నా చాలా చోట్ల పెట్టరు, నాకు బాధ కలిగించే విషయం అదే. సెట్ పర్సిస్ట్ కమాండ్‌తో దాన్ని ఆన్ చేయండి, రీస్టార్ట్ అయినా నిలుస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్ లాగ్‌లో, ఈ సెట్టింగ్ వల్ల రాయడం కుదరదని చెప్పే 1290 లోపం కనిపిస్తే దోషి అదే.

ఒకటి రెండు రికార్డులే తేడా ఉంటే, రెండు వైపులా పోల్చి చూసి రెప్లికాలో ఉన్నదాన్ని తొలగించవచ్చు. అందుకు సూపర్ రీడ్ ఓన్లీని కాసేపు తీసి, మీ సెషన్‌లో, బైనరీ లాగ్‌లో నమోదును నియంత్రించే ఎస్‌క్యూఎల్ లాగ్ బిన్‌ను సున్నా చేయాలి. లేదంటే ఆ తొలగింపు కూడా రెప్లికా సొంత ట్రాన్సాక్షన్‌గా నమోదై, రేపు దాన్నే సోర్స్‌గా మార్చినప్పుడు మిగతా సర్వర్లకు పాకుతుంది.

మీరు ఇప్పటికే పలుమార్లు స్కిప్ చేశారు కాబట్టి, నేనైతే అతుకులు వేస్తూ కూర్చోను. 8.0.17 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయితే క్లోన్ ప్లగిన్‌తో రెప్లికాను సోర్స్ నుంచి మొత్తంగా తిరిగి నింపండి. క్లోన్ చేస్తే అక్కడున్న డేటా చెరిగిపోతుంది. ఆ బయటి ప్రోగ్రామ్ రాసినవాటిలో పనికొచ్చేవి ఉంటే ముందే వేరే చోటికి తీసి పెట్టుకోండి.