సెరిస్ అబ్బాయి, అంగారకుడి అబ్బాయి, పెద్దమ్మ ఎర్ర కలం

చిరంజీవి నాన్నకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న మీ అమ్మ ఫోను చేసి, పక్కింటివాళ్లకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, నువ్వు నవల రాస్తున్నావని చెప్పింది. ఇద్దరు మగవాళ్లకు పెద్దలు కుదిర్చిన పెళ్లి, పెళ్లయ్యాక నెమ్మదిగా పుట్టే ప్రేమ, అదీ అంతరిక్షంలో. "సంబంధాలు చూస్తున్న సమయంలో వీడికి ఇదేం బుద్ధి అక్కా" అంది. అంతరిక్షం మీద దానికి అభ్యంతరమేమీ లేదట. దానికి ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాను కానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఒకడు నవల రాస్తున్నాడన్న సంతోషం కొంత. వాడిని ఎవరేమంటారో అన్న దిగులు కొంత. తెల్లారాక మీ పెదనాన్నను లేపి, నువ్వు పంపిన కథాసారం ఆయన చేత బయటికి చదివించాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ రాయి. రెండు పాత్రల పేర్లూ ఒకే అక్షరంతో మొదలుపెట్టకు, ప్రూఫులు దిద్దేవాళ్ల ఉసురు తగులుతుంది. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఆ మరుగుజ్జు గ్రహం సెరిస్ గురించి చదివినదంతా మొదటి అధ్యాయంలోనే కుమ్మరించకు.

సంబంధానికి నువ్వు ఎంచుకున్న కారణం బాగుంది. సెరిస్‌లో మంచు పుష్కలం. అక్కడి ఆకర్షణ భూమి మీది దానిలో మూడు శాతమే కాబట్టి నీళ్లను పైకెత్తి ఓడలకు ఎక్కించడం తేలిక. ఆ నీళ్ల ఒప్పందం నిలవడానికి సెరిస్ అబ్బాయిని అంగారకుడి అబ్బాయికి ఇచ్చి చేస్తున్నారు. కుజుడి నుంచే వచ్చిన సంబంధం కనుక కుజదోషం చూసే పని కూడా లేదు. కానీ పెళ్లిచూపులను ఒక్క వాక్యంలో తేల్చేశావేం? రెండు లోకాలూ దగ్గరగా ఉన్నప్పుడే మాట అటు చేరడానికి పది నిమిషాలు, జవాబు రావడానికి మరో పది. సూర్యుడికి చెరోవైపు ఉంటే ఒకవైపుకే అరగంట దాటుతుంది. అబ్బాయి ఒక ప్రశ్న అడిగి ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఆ ఇరవై నిమిషాల్లో చుట్టూ ఉన్న పెద్దలు ఊరుకుంటారా? అతని తరఫున వాళ్లే మూడు జవాబులు చెప్పేస్తారు. నా పెళ్లిచూపుల్లో ఏ ఆలస్యమూ లేకుండానే ఆ పని చేశారు. నాకు వంకాయ ఇష్టమని మా మేనత్త ఎందుకు చెప్పిందో ఈనాటికీ అర్థం కాదు.

సంధి కోసం చేసే పెళ్లి మనకు కొత్త కాదు. కృష్ణదేవరాయలు గజపతిని ఓడించి, సంధి చేసుకుని, ఆయన కూతురిని పెళ్లాడాడు. ఆ రాకుమారి భర్త ఆదరణకు నోచుకోక కంభంలో ఒంటరిగా ఉండిపోయిందని చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, కథ మాత్రం ఇల్లు వదిలి వెళ్లిన మనిషి గురించే మిగిలింది. నీ కథలో ఇల్లు వదిలేది సెరిస్ అబ్బాయి. అతనికి అప్పగింతలు పెట్టు. మా నాన్న నా చేతులు పాలలో ముంచి మా అత్తగారి చేతుల్లో పెట్టినప్పుడు ఆయన ముఖం చూడలేక గిన్నెలోని పాలనే చూశాను. కొడుకును అప్పగించే తండ్రిని నేనెప్పుడూ చూడలేదు. నీ పుస్తకంలో చూపించు. తలంబ్రాలు కూడా సెరిస్‌లోనే పోయించు. మీ పెదనాన్న క్యాలెండరు కాగితం వెనక లెక్కవేశారు: తల మీద నుంచి బియ్యపు గింజ నేలకు దిగడానికి అక్కడ సుమారు మూడున్నర సెకన్లు. ఇక్కడ సెకను కూడా పట్టదు. ఆ మూడున్నర సెకన్లూ వాళ్లిద్దరూ ఎటు చూడాలో తెలియక అవస్థ పడతారు.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఇంత పెద్ద ఉత్తరం.

నేను వారపత్రికలో ప్రూఫులు దిద్దే రోజుల్లో ఒక రచయిత సీరియల్ వచ్చేది. పేరు చెప్పను, మంచి మనిషి, చేయి తిరిగినవాడు. పెళ్లినాటికి ఒకరికొకరు కొత్తవాళ్లయిన దంపతుల కథ. మొదటి వారాలు ఎంత బాగున్నాయంటే, కంపోజింగువాళ్లు కూడా రాతప్రతి రాగానే ముందు చదివి ఆ తర్వాత పనిలో దిగేవారు. భర్త తువ్వాలు ఎక్కడ ఆరేస్తాడో ఆమె గమనిస్తుంది, ఆమె ఏ పాట దగ్గర రేడియో గొంతు పెంచుతుందో అతను గమనిస్తాడు. అంతే కథ. అయినా అందరం వచ్చే వారం కోసం కాచుకునేవాళ్లం. సీరియల్‌కు పేరొచ్చింది. ఇంకొన్నాళ్లు నడపమని పైనుంచి మాట వచ్చింది. నడపాలంటే వాళ్లిద్దరూ దగ్గర కాకూడదు కదా! ఆయన ఏం చేశాడు? ఒక ఉత్తరం రాయించాడు. భార్య మనసంతా పెట్టి రాసిన ఉత్తరం భర్తకు అందకుండా బీరువా వెనక పడింది. కొన్ని వారాలు అలా గడిపాడు. తర్వాత భర్త సగం మాట విని అపార్థం చేసుకున్నాడు. ఆ తర్వాత ఊరినుంచి మేనబావ దిగాడు. ఆ తర్వాత జ్వరం. పాఠకుల కార్డులు కట్టలుగా వచ్చేవి. మొదట్లో "ఆ అమ్మాయి మా అక్కలాగే ఉంది" అని రాసినవాళ్లే, "అయ్యా, ఆ బీరువా ఒక్కసారి జరిపించండి" అని రాయడం మొదలుపెట్టారు. ఒకాయన బీరువా జరపడానికి తానే మనుషులను పంపుతానన్నాడు. చివరకు ఉత్తరం దొరికింది, భర్త చదివాడు, ఇద్దరూ ఏడ్చారు. చదివేవాళ్లలో ఎవరూ ఏడవలేదు. అప్పటికి వాళ్లకు ఆ ఇద్దరి మీద కాక, ఆ బీరువా మీదే ధ్యాస మిగిలింది.

నీ కథాసారంలో ఎనిమిదో అధ్యాయం చూడు. అక్కడ సౌర తుఫాను వచ్చి ఒక సందేశం చెడిపోయి, అపార్థం పుడుతోంది. అది బీరువానే నాన్నా! దానికి రాకెట్టు తగిలించావు, అంతే. తీసెయ్.

ఆలస్యం బయటినుంచి రాకూడదు, వాళ్ల మంచితనంలోంచే రావాలి. సెరిస్‌లో పుట్టి పెరిగినవాడు అంగారకుడి మీద దిగితే అతని బరువు పదమూడు రెట్లవుతుంది. నిలబడలేడు. లేవడానికి, కూర్చోవడానికి, మొదటి నెలల్లో నీళ్ల గ్లాసు ఎత్తడానికి కూడా భర్త చేయి కావాలి. చూశావా, తొలి స్పర్శ ఎంత తొందరగా వచ్చేసిందో! అయినా అది ప్రేమ కాదు. పట్టుకున్నవాడు అనుకుంటాడు: "ఇతను నా మీద ఆధారపడి ఉన్నాడు, ఇతని వాళ్ల నీళ్ల బేరం నా చేతిలో ఉంది, నేను ఇష్టం చూపిస్తే కాదనగలడా?" అందుకని చూపించడు. పట్టు దొరికినవాడు అనుకుంటాడు: "ఇతను ఒప్పందం ప్రకారం నడుచుకుంటున్నాడు, నేను ఆశపడితే భారమవుతాను." అందుకని అడగడు. ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టే ఆగిపోయారు. దీన్ని మూడువందల పేజీలు లాగినా ఒక్క కార్డు రాదు. కానీ ఒక్కటి చెయ్యి. ఎక్కడో మధ్యలో సెరిస్ అబ్బాయికి తిరిగి వెళ్లిపోయే దారి నిజంగా తెరువు. ఒప్పందం చెడకుండానే వెళ్లిపోవచ్చని ఎవరైనా అతనితో చెప్పాలి. ఆ దారి తెరవకుండా మంచం దాకా తీసుకెళ్లావంటే ఆ అధ్యాయాన్ని నేను దిద్దను, తిప్పి పంపుతాను.

పిలుపుల దగ్గర కూడా జాగ్రత్త. మన నవలల్లో భార్య "మీరు" అంటుంది, భర్త "నువ్వు" అంటాడు, తాళి కట్టిన మరుక్షణం నుంచి అంతే. నీ ఇద్దరికీ ఆ వసతి లేదు. ఇద్దరూ "మీరు" దగ్గరే మొదలుపెట్టాలి. ఎవరు ముందు "నువ్వు" అంటారు, కోపంలోనా, నిద్రమత్తులోనా, రెండోవాడు విని ఊరుకుంటాడా? అది తెలుగులో రాసేవాడికి దొరికిన అదృష్టం, ఇంగ్లీషులో రాసేవాళ్లకు లేదు. తొందరపడి ఐదో అధ్యాయంలోనే ఖర్చు పెట్టేయకు. మీ పెదనాన్న పెళ్లయిన కొత్తలో నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక తలుపు మీద తట్టేవారు. నా పని రాత్రి పొద్దుపోయాక అయ్యేది. ఆయన రోడ్డుకు అవతల పత్రికల కట్టల పక్కన నిలబడి, సాయంకాలం పేపరు కోసం వచ్చానని చెప్పేవారు. ఆ పేపరు ఇంటికే వచ్చేది. నేనూ అడగలేదు.

ఒక్క విషయం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరు 17న మాత్రం, పెళ్లిగా గుర్తించాలంటే చట్టం చేయాల్సింది చట్టసభలే అంది. రెండు రోజులూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఇక్కడ అడిగినా దొరకని పెళ్లిని, నీ కథలో అడగకుండానే అంటగడుతున్నారు. అది నీకు తెలిసే రాస్తున్నావో, తెలియకుండా తగిలిందో గానీ, నవలకు ప్రాణం అక్కడే ఉంది. దాచకు. చివర్లో ఎవరినీ చంపకు కూడా. అంత పెద్ద బరువుతో లేచి నిలబడిన పిల్లవాడిని నువ్వు చంపితే నేను ఈ జన్మలో నీతో మాట్లాడను.

పుస్తకం మీద నీ పేరే వేసుకో. మారుపేరు పెట్టించమని మీ అమ్మ నన్ను అడిగింది, కుదరదన్నాను. దానికి చెప్పాల్సినవి నేను చెప్పుకుంటాను. నువ్వు దానితో వాదనకు దిగకు, నెమ్మదిగా మొదటి అధ్యాయం చదివి వినిపించు. అప్పగింతల దగ్గర అది లొంగుతుంది, దాని సంగతి నాకు తెలుసు.

అధ్యాయాలు ఫోనులో పంపకు. కాగితానికి ఒకవైపే ముద్రించి, పెద్ద అక్షరాలతో, నేను దిద్దేందుకు పక్కన చోటు వదిలి పోస్టులో పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. సెరిస్‌లో రోజంటే తొమ్మిది గంటలేనట. ఆ అబ్బాయి అంగారకుడి రోజుకు అలవాటు పడేవరకు వేళగాని వేళ ఆకలేస్తుందని మీ పెదనాన్న రాయమన్నారు. నీ కథాసారంలో ఇద్దరిలో ఒక్కడూ అన్నం తిన్నట్టు లేదు.