దానిమ్మలో మచ్చ తెగులు: మందు కొట్టినా ఎందుకు పాకుతోంది

అన్నా, మందులు కొడుతున్నా దానిమ్మలో మచ్చ తెగులు చెట్టు నుంచి చెట్టుకి పోతోంది అన్నారు కదా, నాకైతే మీ కత్తెర మీదే డౌటు. ఇది ఫంగస్ కాదు, బ్యాక్టీరియా, వాన చినుకు మచ్చ మీద పడి చిందితే గాలితో పక్క చెట్టుకి పోతాది, అక్కడ కత్తెర గాయం కనపడితే ఇంకేం కావాలి దానికి. ఒక్కో చెట్టుకీ కత్తెరని 2.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో (బ్లీచింగ్ ద్రావణం) ముంచండి, కొమ్మలు కత్తిరించాక వెంటనే 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కొట్టండి. పగిలిన కాయలు, రాలిన ఆకులు గట్టున పడేయొద్దు, కాల్చేయండి. ఈసారికి వానాకాలం పంట వదిలేసి సెప్టెంబర్, అక్టోబర్‌లో పూతకి వచ్చేలా చూసుకోండి, అప్పుడు తెగులు తక్కువ. అంటు మొక్కలు మాత్రం తెగులున్న తోటవి అస్సలు వద్దు, మేం అట్లనే తెచ్చుకున్నాం ఈ తెగుల్ని.